రన్‌వే వానాకాలం పనులు: భరణి నుంచి ఆరుద్ర దాకా

భరణి కార్తె, ఏప్రిల్ ఆఖరు

గోదావరి డెల్టా కాలువలకు నీళ్లు ఆపేశారు. విమానాశ్రయం లోపలి డ్రెయిన్ల లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) తీయడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా అనువైన సమయం దొరకదు. బయటి మురుగు కాలువలో నీరు అడుగంటింది, తూము అడుగు కంటికి కనిపిస్తోంది. ధవళేశ్వరం దగ్గర మళ్లీ నీళ్లు వదిలారంటే ఆ అడుగు వచ్చే వేసవి దాకా కనపడదు. అందుకే పని కింది నుంచి పైకి మొదలైంది: ముందు నీరు బయటికి పోయే తూము, తర్వాత పెద్ద డ్రెయిన్, ఆ తర్వాత రన్‌వే చుట్టూ ఉండే గడ్డి స్ట్రిప్, చివరికి రన్‌వే. మామూలుగా ఈ వరస తిరగబడుతుంది. నీళ్లు నిలిచింది రన్‌వే మీద కనక రన్‌వే దగ్గరే తవ్వకం మొదలెడతారు. తీరా వాన పడ్డాక, కొత్తగా చెక్కిన వాలులోంచి నీరు చక్కగా డ్రెయిన్ దాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది.

ఎంత నీటి గురించి మాట్లాడుతున్నామో ఒకసారి లెక్క వేసుకోవాలి. రాజమండ్రికి ఉత్తరాన ఉన్న మధురపూడి విమానాశ్రయం రన్‌వే కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటితోనే లెక్కిద్దాం. ఒకప్పుడు 1,749 మీటర్లున్న రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. వెడల్పు 45 మీటర్లు. గంటకు 50 మి.మీ. వాన పడితే ఒక్క పేవ్‌మెంట్ (తారు పరచిన భాగం) మీదే గంటలో 7,100 ఘనపు మీటర్ల పైచిలుకు నీరు, అంటే 71 లక్షల లీటర్లు. అంత పొడవున్న రన్‌వేకి స్ట్రిప్ రెండు కొసల్లోనూ మరో 60 మీటర్లు సాగి, మధ్యగీత నుంచి అటూ ఇటూ 140 మీటర్లు ఉంటే, 92 హెక్టార్లు అవుతుంది. దాని మీద 100 మి.మీ. వాన పడితే 92 వేల ఘనపు మీటర్లు. సగం నేలలోకి ఇంకిందనుకున్నా మిగిలింది 46 వేలు. గంటకు 500 ఘనపు మీటర్లు తోడే పంపులు నాలుగు పెట్టినా 23 గంటలు పడుతుంది. పంపులున్నాయి కదా అన్న ధీమా ఇక్కడితో సరి. నీరు తనంతట తానే పారాలి, పంపు ఆపద్ధర్మానికే.

ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకి వచ్చిపోయే దారి) కింది తూము 900 మి.మీ. హ్యూమ్ (సిమెంటు) పైపు, వాలు 500కి 1. శుభ్రంగా ఉంటే నిండు ప్రవాహంలో సెకనుకు సుమారు 0.81 ఘనపు మీటర్లు లాగుతుంది. అడుగున 300 మి.మీ. ఒండ్రు పేరుకుంటే పైపు వైశాల్యంలో పోయేది 29 శాతమే కదా అనిపిస్తుంది. ప్రవాహం మాత్రం 0.49కి పడిపోతుంది, నష్టం 40 శాతం. వైశాల్యం తగ్గినంతగా నీరు రాసుకుంటూ పోయే చుట్టుకొలత తగ్గదు, అదీ సంగతి. కాబట్టి 'మూడో వంతే పూడింది, వచ్చే ఏడాది చూద్దాం' అనే మాట చెల్లదు.

ప్రహరీ గోడ దగ్గర ఇంకో చిక్కు. డ్రెయిన్ గోడ దాటే చోట మనిషి దూరకుండా భద్రత కోసం ఇనుప చువ్వల గ్రిల్ ఉంటుంది. తీసేయడానికి వీల్లేదు. గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ కవర్లు వచ్చి దానికే అంటుకుంటాయి. లోపలి వైపు శుభ్రం చేసి వదిలేస్తే చాలదు. బయటి నీరు ఎగదన్నినప్పుడు చెత్త బయటి వైపు నుంచి పేరుకుంటుంది. బయట పని చేయాలంటే కూలీలకు వేరే దారి, వేరే మేస్త్రి, గోడ వెంట గస్తీకి ముందుగా సమాచారం. ఇవి కుదుర్చుకోవడానికి పట్టినంత సేపు పూడిక తీయడానికి పట్టదు.

గ్రిల్ అవతల ఎదురునీరు లోపలికి రాకుండా అడ్డుకునే పోత ఇనుము తలుపు ఉంది, పైన కీలు మీద వేలాడుతుంది. లోపలి నీరు ఎక్కువైతే తోసుకుని తెరుచుకుంటుంది, బయటి నీరు ఎక్కువైతే మూసుకుంటుంది. కీలు తుప్పు పట్టి తలుపు సగంలో ఆగిపోయింది. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అది మూసుకోకపోతే మా నీళ్లు మీకొస్తాయండి, తెరుచుకోకపోతే మీ నీళ్లు మీకే ఉంటాయండి, ఆయ్." కీలు పిన్ను మార్చి, గ్రీజు పెట్టి, తలుపు కూర్చునే అంచు చెక్కి చూశాక ఇప్పుడు ఒక చేత్తో కదులుతోంది. తలుపుకీ చట్రానికీ మధ్య వేలెడు పుల్ల ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు కాబట్టి వాన పడిన ప్రతిసారీ చూడాల్సిన వాటిలో ఇది మొదటిది.

కృత్తిక కార్తె, మే రెండో, మూడో వారాలు

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికొచ్చాం: రన్‌వే అంచున పెరిగిన మట్టి గట్టు.

45 మీటర్ల రన్‌వేకి మధ్య నుంచి అంచుకు 1.5 శాతం వాలు ఉంటే, మధ్యగీత అంచు కన్నా 33.75 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్‌తో అడ్డంగా తొమ్మిది పాయింట్లు తీస్తూ పోతే వాలు ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది. 1 శాతానికి దిగిందంటే మధ్య ఎత్తు 22.5 సెం.మీ.కి పడిపోయినట్టు. అంతకన్నా తగ్గనివ్వకూడదు. మా లెవెల్స్‌లో పేవ్‌మెంట్ వాలు చాలా మేరకు బాగానే ఉంది. నీరు నిలవడానికి కారణం పేవ్‌మెంట్ కాదు, దాని పక్కనున్న గడ్డి. గరిక వేళ్లు దుమ్మును పట్టుకుంటాయి, ఊడ్చిన మట్టి అక్కడే పడుతుంది, కోసిన గడ్డి కుళ్లి మట్టవుతుంది. కొన్నేళ్లకు అంచు వెంట రెండు మూడు వేళ్ల ఎత్తున గట్టు లేస్తుంది. దూరం నుంచి పచ్చగా, చక్కగా ఉంటుంది. వాన పడితే 22 మీటర్లు పారి వచ్చిన నీరంతా ఆ గట్టు దగ్గర ఆగిపోతుంది.

అంచు నుంచి మొదటి 3 మీటర్ల నేలకు బయటి వైపు 5 శాతం దాకా వాలు ఇవ్వొచ్చు, అంటే 3 మీటర్లలో 15 సెం.మీ. దిగుడు. ఆ తర్వాతి నేలకు 2.5 శాతం మించకూడదు. సగటున 4 సెం.మీ. చెక్కితే, 3,165 మీటర్ల పొడవున రెండు వైపులా కలిపి 760 ఘనపు మీటర్ల మట్టి. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి నాలుగో వంతు కలుపుకుంటే 950. పది ఘనపు మీటర్ల టిప్పర్‌కి 95 ట్రిప్పులు. మట్టిని స్ట్రిప్‌లోనే పక్కకు నెట్టేస్తే పని సగానికి తగ్గుతుంది, కానీ గట్టు 3 మీటర్లు అవతలికి జరుగుతుందంతే. కాబట్టి బయటికే తోలాలి.

బ్లేడుతో నేల చెక్కే గ్రేడర్ నడిపే వాడికి పెద్ద చిక్కు అంచు దీపాలు. 60 మీటర్లకొకటి చొప్పున ఉంటాయి. బ్లేడు దగ్గరికొచ్చేసరికి ఎత్తాలి, దాటాక దించాలి. ఎత్తిన చోట మీటరో, మీటరున్నరో మట్టి మిగిలిపోతుంది. అది పారతో చెక్కకపోతే ప్రతి దీపం వెనకా ఒక బుల్లి ఆనకట్ట, దాని ముందు ఒక బుల్లి మడుగు. గ్రేడర్ వెనకే పారలతో నలుగురు నడవాలి, మర్నాటికి వాయిదా వేస్తే ఎవరూ చేయరు. కేబుల్ ఎటు పోతుందో ముందే సున్నంతో గీయించాం. పాత డ్రాయింగ్‌ని నమ్మి పార దించడం అవివేకం.

చెక్కిన నేలను అలాగే వదిలేస్తే జెట్ గాలికి రాళ్లు లేచి ఇంజన్లోకి పోతాయి, తొలి వానకు మట్టి కోసుకుపోయి ఇంతకుముందు తీసిన డ్రెయిన్లోకే చేరుతుంది. నీటి ట్యాంకర్ పెట్టి గరిక గడ్డలు నాటించాం. ఈ ఎండలకు రెండు పూటలా తడపాలి.

స్ట్రిప్ నేల గురించి ఒక మాట. నల్లరేగడి చేలలో పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు: ఎండకు బీటలిస్తుంది, వానకు ఉబ్బి బురదవుతుంది. తడిసిన నల్లరేగడి సీబీఆర్ (నేల బరువును ఎంత మోయగలదో చెప్పే అంకె) రెండు నుంచి నాలుగు మధ్య ఉండడం మామూలే. రన్‌వే తప్పిన విమానం ముందు చక్రం 15 సెం.మీ. దాకా దిగితే అది బ్రేకులా పనిచేస్తుంది, అంతకు మించి దిగితే ఆ చక్రం కాలు విరుగుతుంది. అందుకే పై 15 సెం.మీ. కింద నేల సీబీఆర్ 15 నుంచి 20 ఉండాలంటారు. మెత్తబడిన చోట్ల నల్లమట్టి తీసి గ్రావెల్‌ను 150 మి.మీ. పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, ప్రతి పొరకూ గట్టిదనం పరీక్ష చేయించాం. రెండు పొరలు ఒకేసారి పోసి పైన దొర్లిస్తే పై రెండు అంగుళాలే బిగుస్తాయి. పరీక్ష గొయ్యి తీస్తే కింద పిండిలా రాలుతుంది.

ఇదంతా రాత్రి పనే. రన్‌వే మూసే సమయం రాత్రి 11:30 నుంచి తెల్లవారుజాము 4:30. నోటామ్ (పైలట్లకు ఇచ్చే నోటీసు) మాత్రం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, వెళ్తుంది: 18:00 నుంచి 23:00. మన గడియారంలో నడిమధ్య తేదీ మారుతుంది, నోటామ్‌లో మారదు. కాంట్రాక్టరు మనుషులకు '12వ తేదీ రాత్రి' అంటే ఏ రాత్రో కాగితం మీద రెండు తేదీలూ రాసి ఇవ్వకపోతే టిప్పర్లు ఒక రోజు ముందో వెనకో గేటు దగ్గర నిలబడతాయి. ఐదు గంటల్లో చివరి ముప్పావు గంట పనికి రాదు, రాకూడదు: ఊడ్చే బండి, తర్వాత వరసగా నడిచి రాళ్లు, బోల్టులు ఏరడం, దీపాల తనిఖీ, ఆపైన ఏటీసీకి (విమానాల రాకపోకలు నడిపే టవర్‌కి) అప్పగింత. చదును చేసిన స్ట్రిప్ మేరలో, అంటే మధ్యగీత నుంచి 75 మీటర్లలో, తవ్విన గొయ్యి తెల్లవారేసరికి తెరిచి ఉండకూడదు. పూడ్చగలిగినంతే తవ్వాలి.

రోహిణి కార్తె, మే ఆఖరు

రోళ్లు పగిలే ఎండలు. రబ్బరు తీతకు ఇదే అదను, తడి తొందరగా ఆరుతుంది.

చక్రాలు నేల తాకే చోట టైరు రబ్బరు కరిగి పేవ్‌మెంట్ రంధ్రాల్లోకి దిగి గట్టిపడుతుంది. చిన్న విమానం ఏటీఆర్ 72 వెనక చక్రాల మధ్య దూరం 4.10 మీటర్లు, పెద్దదైన ఎయిర్‌బస్ ఏ320కి 7.59. రాజమండ్రికి ఏళ్ల తరబడి ఏటీఆర్‌లే ఎక్కువగా వచ్చాయి. 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీలకు నేరుగా ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. విమానం మారితే రబ్బరు చార కూడా మారుతుంది: మధ్యగీతకు రెండు మీటర్ల దగ్గరున్న నల్లచార పక్కన, నాలుగు మీటర్లకు కాస్త లోపల, ఇంకోటి మొదలవుతుంది. పాత చారలే కొలుస్తూ పోతే కొత్తది కనపడదు.

ఘర్షణ కొలిచే బండి తన చక్రం ముందు 1 మి.మీ. నీరు తానే పోసుకుంటూ, మధ్యగీతకు అటూ ఇటూ 3 మీటర్ల దూరంలో, గంటకు 65 కి.మీ. వేగంతో ఒకసారి, 95తో ఒకసారి నడుస్తుంది. గ్రిప్ టెస్టర్ అనే రకం బండిలో ఘర్షణ అంకె 65 దగ్గర కొత్త ఉపరితలానికి 0.74, 0.53కి దిగితే మరమ్మతు ప్రణాళిక వేయాలి, 0.43 కనిష్ఠం. 95 దగ్గర ఇవే 0.64, 0.36, 0.24. వేరే రకం బండికి వేరే అంకెలు, ఒకదాని అంకె పక్కన ఇంకోదాన్ని పెట్టి పోల్చకూడదు. నేల తాకే మేరలో 65 వేగపు రీడింగు 0.53 కిందికి దిగింది, 0.43 పైనే ఉంది. వానలు రాకముందే తీయాలి.

తీసేది నీటితోనే: 2,500 బార్ స్థాయి ఒత్తిడితో సన్నటి ధారలు, వెనకే వ్యాక్యూమ్ లాగేస్తుంది. తారు ఉపరితలం మీద ప్రమాదం ఏమిటంటే, ధార ఒకే చోట ఒక్క క్షణం ఎక్కువ ఆగినా రబ్బరుతో పాటు తారు, సన్న పొడీ లేచిపోయి కంకర బయటపడుతుంది. రబ్బరు పోయిందని సంబరపడేలోగా ఆ కంకర ఊడి రాళ్లవుతుంది. ముందు చిన్న ముక్క మీద నమూనాగా చేసి, ఒత్తిడి, బండి వేగం రెండూ కుదిరాకే అసలు మేరకు వెళ్లాం. లాగిన నల్లనీటిని డ్రెయిన్‌లో వదలడానికి ఆపరేటరు సరదా పడతాడు, దగ్గర కదా అని. వదలనివ్వకూడదు, అది ఎండి తూములో పెంకులా అంటుకుంటుంది.

గరుకుతనం చూడటానికి ఇసుక పరీక్ష చాలు. 25 మిల్లీలీటర్ల సన్న ఇసుక పోసి, రబ్బరు బిళ్లతో గుండ్రంగా పరచి, ఇక పరుచుకోదు అనుకున్నప్పుడు వ్యాసం కొలవాలి. 178 మి.మీ. వస్తే సగటు లోతు సరిగ్గా 1 మి.మీ., కొత్త ఉపరితలానికి ఉండాల్సింది అదే. 200 వస్తే 0.8. వృత్తం పెద్దదయ్యే కొద్దీ నేల నున్నన. గాలి వీస్తే ఇసుక ఎగిరిపోతుంది, అట్టపెట్టె అడ్డం పెట్టుకోవాలి.

నీటిధార గీతలను కూడా తినేస్తుంది. రంగు మళ్లీ వేశారు; గాజు పూసలు చల్లారు; జారకుండా ఇసుక కలిపారు. దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

దీపాల సర్క్యూట్లు. 6.6 ఆంపియర్ల సీరీస్, అంటే ఒకే తీగ మీద వరసగా దీపాలు, ప్రతి దీపానికీ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, కాబట్టి ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతాయి. శత్రువు నీరు, రెండో శత్రువు పందికొక్కు. మెగ్గర్ రీడింగు (కేబుల్ పొర నిరోధం) ఎండల్లో బాగుండి తడిస్తే పడిపోతుంటే అనుమానించాల్సింది ముందుగా కనెక్టర్లను. ఎండా వానా లేకుండా ఎప్పుడూ తక్కువగానే ఉంటే కేబుల్ పొర చిరిగినట్టు. వెతకడానికి సర్క్యూట్‌ను సగానికి విడదీసి చెడ్డ సగాన్ని మళ్లీ సగానికి విడదీస్తూ పోవాలి, గొయ్యి గొయ్యికీ మూత తీసుకుంటూ పోతే తెల్లారిపోతుంది. పందికొక్కు కొరికిన చోట పొర మీద జంట పళ్ల గాట్లు ఉంటాయి. ఆ కన్నం పూడ్చకుండా కేబుల్ ఒక్కటీ అతికితే మళ్లీ అక్కడికే వస్తుంది.

అసలు కంగారు పెట్టేవి పీఏపీఐ పెట్టెలు, అంటే దిగే కోణం సరిగా ఉందో లేదో పైలట్‌కు తెలుపు, ఎరుపు రంగుల్లో చూపే దీపాలు. 3 డిగ్రీల దిగుడుకి నాలుగు పెట్టెల కోణాలు రన్‌వే వైపు నుంచి 3 డిగ్రీల 30, 3 డిగ్రీల 10, 2 డిగ్రీల 50, 2 డిగ్రీల 30 నిమిషాలు. పక్క పక్క పెట్టెల మధ్య తేడా 20 నిమిషాలే, అంటే డిగ్రీలో మూడో వంతు. నల్లరేగడిలో తక్కువ లోతు పునాది మీద కూర్చున్న పెట్టెను నేల ఉబ్బి ఒక మూల ఎత్తితే పైలట్‌కు తెలుపు కనపడాల్సిన చోట ఎరుపు కనపడుతుంది. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) మీద, 3.5 మీటర్ల లోతు నుంచి లేపిన పునాది కదలదు. మామూలు దిమ్మెల మీద ఉన్న వాటికి వానలు మొదలయ్యాక క్లైనోమీటర్ (కోణం కొలిచే పరికరం) తనిఖీల మధ్య వ్యవధి తగ్గించాలి, ఎందుకంటే నేల ఉబ్బేది తొలి వానలకే.

మృగశిర, జూన్ రెండో వారం

తొలి వాన పడింది. వెలిసిన అరగంటలోపు రన్‌వే మీదికి వెళ్లకపోతే ప్రయోజనం లేదు, తర్వాత ఎండ మడుగుల గుర్తులు చెరిపేస్తుంది. స్టీలు స్కేలుతో లోతు కొలిచి, మడుగు అంచు చుట్టూ సుద్దతో గీత. ఎండాక ఆ గీతల మీద 3 మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ) పెడితే పల్లం ఎంతో తేలుతుంది. కొత్త పొరకు 3 మి.మీ. దాటకూడదు.

ఈ 3 మి.మీ. అంకె ఇంకోచోట కూడా ప్రాణం. 2021 నవంబరు 4 నుంచి రన్‌వే పరిస్థితి ప్రపంచమంతటా ఒకే పద్ధతిలో చెబుతున్నారు: రన్‌వేను మూడు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక కోడ్. పొడిగా ఉంటే 6. 3 మి.మీ. దాకా నీరుంటే 5. అంతకు మించి నిలిస్తే ఒక్కసారిగా 2. మధ్యలో 3 ఉంది, అది తడిస్తే జారే రన్‌వేకి, అంటే రబ్బరు తీయని రన్‌వేకి. ఏదైనా భాగంలో తడిసింది 25 శాతం లోపే అయితే ఆ భాగం 6 కిందే లెక్క. రెండు కొసలకు 05, 23 అని పేర్లున్న రన్‌వేలో 05 కొస దగ్గర మడుగు పడితే రిపోర్టు 2/5/5. వాన ఒకటే, రన్‌వే ఒకటే. అంచు గట్టు చెక్కిన చోట 5, చెక్కని చోట 2. పైలట్ లెక్క వేసుకునేది ఆ 2 మీద. కోట్లు పోసి కలిపిన పొడవు ఆ పూటకు నాలుగు సెం.మీ. మట్టికి ఓడిపోతుంది. టెర్మినల్‌కి అంతర్జాతీయ బోర్డు పెట్టి కస్టమ్స్, ఇమిగ్రేషన్ తెచ్చినా ఈ అంకె మారదు.

ఈసారి అంచు పొడుగునా నీరు ఆగకుండా దిగింది. రెండు దీపాల వెనక మాత్రం మట్టి మిగిలింది, పారతో తీసేశారు.

పక్షుల సంగతి. తొలి వాన సాయంత్రం ఉసిళ్లు లేచాయి. దీపాల చుట్టూ ముసిరితే వాటికోసం నల్లగద్దలు దిగుతాయి. మర్నాడు పొద్దున వానపాములు పేవ్‌మెంట్ మీదికి పాకితే కొంగలు. తీతువులు స్ట్రిప్ గడ్డిలోనే గుడ్లు పెడతాయి, అరుస్తాయే తప్ప దూరం పోవు. గడ్డి కోసిన వెంటనే పురుగులు బయటపడి కొంగలు ట్రాక్టరు వెంటే నడుస్తాయి, నాట్లు వేసే చేలో నడిచినట్టే. కాబట్టి కోత విమానాలు లేని సమయంలో, కోసిన గడ్డి అప్పటికప్పుడు బయటికి. విమానానికి దిగే వాలును రేడియోతో చూపే ఐఎల్‌ఎస్ గ్లైడ్ పాత్ యాంటెన్నా ముందు మాత్రం గడ్డి ఎప్పుడూ పొట్టిగానే ఉండాలి, అక్కడ నీరూ నిలవకూడదు. ఆ సిగ్నల్ నేల మీద పడి ప్రతిఫలించే తరంగంతో కలిసే తయారవుతుంది. గోడ బయట చికెన్ షాపుల వ్యర్థాలు, చేపల చెరువు గట్ల మీద పారేసిన చచ్చిన చేపలు వేరే తలనొప్పి. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ 1937లోని 91వ నిబంధన విమానాశ్రయానికి 10 కి.మీ. లోపల పశువధ, చెత్త పోయడం నిషేధించింది. కాగితం మీద ఉన్నది రోడ్డు మీద జరగాలంటే పంచాయతీ ట్రాక్టరు రోజూ తిరగాలి. ఆ విషయమై సర్పంచులతో మాట్లాడుకోవాల్సింది వానలకు ముందే.

ఆరుద్ర, జూన్ ఆఖరు

కాలువలు నిండుగా పారుతున్నాయి. బయటి డ్రెయిన్ మట్టం తూము నడుము దాకా వచ్చింది, తలుపు పూటకోసారి మూసుకుంటోంది. లోపలి డ్రెయిన్‌లో నిల్వ ఎంత పెరుగుతోందో చూడటానికి గోడకు రంగు గీతలతో గేజీ పెట్టాం, షిఫ్టు మారేటప్పుడు రీడింగు రాస్తున్నారు.

మిగిలిన పనులు: గ్రిల్ ముందు చెత్త ఎగువనే ఆగేలా వాలుగా ఇంకో చువ్వల తడిక, రెండు పీఏపీఐ దిమ్మెలకు పైల్ పునాది, అది వేసవి పనే, 23 కొస దగ్గర సుద్దతో గీసిన రెండు పల్లాలకు తారు పొర. గరిక వేరు పట్టింది. నేల తడిసిపోయింది కాబట్టి గ్రేడర్‌ను స్ట్రిప్ మీదికి ఇక దించరు. దించితే చక్రాల గాడులే కొత్త మడుగులవుతాయి. ఘర్షణ రీడింగు మళ్లీ సెప్టెంబరులో, స్వాతి తుపాన్ల కన్నా ముందు.